మాట ఉన్న వేషం

సబ్బు నురగ ఎడమ చెవి దాకా పట్టించి, కాశమ్మ మొగుడి తలను కుండను తిప్పినట్టు వెలుతురుకేసి తిప్పింది.

"కదలకు. చెవు తెగితే మళ్ల గది గూడ సిన్మాకే పనికొస్తదంటవ్."

ఈరయ్య కదలలేదు. గోడకు ఆనించిన అద్దం ముక్కలోకి చూస్తూ, కుడిపక్క మీసం మీద బ్లేడు జారకుండా వేలు అడ్డం పెట్టుకున్నాడు. ఎడమపక్క మీసం లేదు. ఎడమపక్క జుట్టూ లేదు. కుడిపక్క మాత్రం నూనె పెట్టి దువ్విన నిండు జుట్టు, మెలి తిప్పిన మీసం. నడినెత్తిన గట్టు వేసినట్టు ఒక దిక్కు పంట, ఒక దిక్కు బండ.

ఇది ఏ దేవుడి మొక్కూ కాదు. సినిమా వేషం. పోయిన నెల సంగారెడ్డి దగ్గర పాత దొరల గడిలో షూటింగు జరిగింది. ఈరయ్యది దొంగ వేషం. దొర గాదెలో గింజలు ఎత్తుకుపోయిన దొంగకు సగం గుండు, సగం మీసం గొరిగి గాడిద మీద ఊరేగిస్తారు. ఊరేగింపు తీశారు. దొంగ దొర ముందు నిలబడి మాట్లాడే సీను మిగిలిపోయింది. ఈలోగా హీరోకు ఇంకేదో సినిమా పని పడి మద్రాసు చెక్కేశాడు. హీరో పోతే దొరా లేడు, దొంగా లేడు. "జుట్టు ఇలాగే ఉండాలి. వెంట్రుక తేడా వచ్చినా వేరేవాణ్ని పెట్టుకుంటాం" అని మీసాలు కూడా సరిగ్గా రాని అసిస్టెంటు వేలు చూపించి మరీ చెప్పి కారెక్కాడు.

చెప్పడానికి వాడి సొమ్మేం పోయింది! గొరిగిన పక్క జుట్టు ఊరుకుంటుందా? రెండు రోజులకు మొలక వేస్తుంది. మంగలి యాదయ్య దగ్గరికి పోతే కత్తి మడిచి పొదిలో పెట్టేశాడు.

"సగం గొరుగుడు తప్పుజేసినోనికి చేసే పని ఈరన్న. మా తాత జమాన్ల దొరలు పట్టిచ్చి చేయించిండ్రంట. గా పాపం మల్ల నా కత్తికెందుకు? గొరిగితే మొత్తం గొరుగుత. లేకుంటే నీ దారి నీది."

ఆ దారి తిరిగి తిరిగి కాశమ్మ చేతికి వచ్చింది. తెల్లవారితే శనగపిండి కలపాలి, మిరపకాయలు చీరి వాము కూరాలి, బస్టాండు ముందు బండి మీద నూనె కాగబెట్టాలి. వీటన్నిటికీ ముందు మొగుడి సగం నెత్తి గొరగాలి. ఆమెకు తల ప్రాణం తోకకు వస్తోంది.

"అయిందా బిడ్డ?" అరుగు మీది నుంచి అత్త సంగమ్మ అడిగింది. పొరలు కమ్మి రెండు కళ్లూ పోయాయి ఆమెకు. చెవులు మాత్రం పిల్లి చెవులు.

"అయింది అత్త. నీ కొడుకు మల్ల దొంగైండు."

"అయితే గా మాట చెప్పుమను."

రోజూ ఇదే తంతు. ఈరయ్య లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, తల్లి ముందు నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"దొంగతనం చేశాను. తప్పే. మరి నా గింజలు మీ గాదెలోకి ఎలా వచ్చాయో, అది కూడా చెప్పండి."

ముసలమ్మ తల పక్కకు వంచి విన్నది. "చేశాను ఏందిరా చేశాను. మనింట్ల ఎవడన్న గట్ల మాట్లాడుతడా?"

"సిన్మాల గట్లనే మాట్లాడాలె అవ్వ."

"ఏమో. గొంతు మాత్రం నీదే ఉన్నది. మల్లొకసారి చెప్పు."

ఈరయ్య పిచ్చి పాతదే. చాలా ఏళ్లుగా పిలుపు వస్తే బస్సెక్కి పోతాడు. కోర్టు సీన్లో గుంపులో కూర్చున్నాడు, దొర తలుపు దగ్గర బల్లెం పట్టుకున్నాడు, పాడె మోశాడు, ఓసారి పాడె మీద తానే పడుకున్నాడు. నారాయణఖేడ్‌కు ఆ సినిమాలు వచ్చినప్పుడల్లా కాశమ్మ అత్తను చేయి పట్టుకుని టాకీసుకు తీసుకుపోయేది. ముసలమ్మ చీకట్లో చీకటిలా కూర్చుని, "వచ్చిండా?" అని అడిగేది. "వచ్చిండు." "ఏమంటుండు?" "ఏమంటలేడు. నిలబడ్డడు." ముసలమ్మ కాసేపాగి మళ్లీ, "ఇప్పుడు?" అనేది. "ఇప్పుడు పోయిండు." చూపు లేని మనిషికి నోరు లేని వేషం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అందుకే ఈసారి మాట ఉన్న వేషం దొరికిందని తెలిసిన దగ్గరి నుంచి తల్లీకొడుకుల సంబరం చెప్పనలవి కాదు. మధ్యన బ్లేడు పట్టుకుని చచ్చేది కాశమ్మ.

ఈరయ్య తలకు రుమాలు చుట్టి, దాని కొసను మూతికి అడ్డం వేసుకుని బండి దగ్గరికి వచ్చేవాడు. ఎంత చుట్టినా చాయ తాగేటప్పుడు తీయక తప్పదు. కండక్టర్లు ఊరుకుంటారా? "ఏం ఈరన్న, సగం మనిషివైతివి, హాఫ్ టికెటు గొట్టాల్నా?" అని ఒకడు. "ఎడమ దిక్కు చూస్తె సన్నాసి, కుడి దిక్కు చూస్తె పహిల్వాన్. వదినె, నువ్వు ఏ దిక్కు పండుతున్నవ్?" అని ఇంకొకడు. వాళ్ల నోళ్లకు ఆమె జవాబు చెప్పగలదు. చెప్పింది కూడా. కానీ ఒక రోజు కంగ్టి బస్సు దిగిన ఒకావిడ మిరపకాయ బజ్జీలు తింటూ ఈరయ్య వంక చూసి, పక్కనున్న మూటను మెల్లగా ఒళ్లోకి లాక్కుంది. కాశమ్మ జల్లిగంటెతో నూనెను ఊరికే కలుపుతూ నిలబడింది.

"సాలు ఇగ. ఇయ్యాల నెత్తి మొత్తం గొరిగించుకో," అంది ఆవిడ పోయాక. "ఇజ్జత్ వోతున్నది."

"ఒక్క సీను. జర ఓపిక పట్టు."

"ఓపిక నాకు కాదు, నీ హీరోకు చెప్పు."

*

ముసలమ్మ ఎవరికీ చెప్పకుండా పోయింది. పొద్దున కాశమ్మ సబ్బు నురగ కలుపుతుంటే అరుగు మీది నుంచి "అయిందా బిడ్డ?" అన్న మాట రాలేదు. చూస్తే నిద్రలోనే దాటిపోయింది.

మనూరు నుంచి ఈరయ్య అన్న నాగయ్య వచ్చాడు. నిప్పుకుండ పట్టుకుని అతను ముందు నడిచాడు. ఈరయ్య పాడెకు భుజం పెట్టాడు. సినిమాల్లో ఎన్ని పాడెలు మోశాడో లెక్కలేదు, ఈసారి పాడె మీద తల్లి ఉంది. వీధిలో జనం నిలబడి చూశారు. తెలిసినవాళ్లు తల వంచుకున్నారు. తెలియనివాళ్లు ముందు పాడెను చూసి దండం పెట్టి, తర్వాత ఈరయ్యను చూసి చెవులు కొరుక్కున్నారు. ఒక కుర్రాడు పక్కున నవ్వాడు కూడా. వాణ్ని అనాల్సిన పని లేదు, ఆ మొహం చూస్తే ఎవరికైనా నవ్వే వస్తుంది. ఏడుస్తున్న మనిషికి సగం మీసమే వణుకుతుంటే చూడటం ఎంత పాపమో కాశమ్మకు ఆ రోజే తెలిసింది.

కాష్టం దగ్గరి నుంచి వచ్చాక నాగయ్య తమ్ముణ్ని పక్కకు పిలిచాడు.

"దినం నాడు బాయి కాడ ఇద్దరం గుండు చేయించుకోవాలె. నీ సిన్మా గిన్మా నాకు తెల్వది. గీ సగం నెత్తితోని నువ్వు అవ్వకు పిండం పెడితె నేను ముట్ట. నా గడప గూడ నువ్వు తొక్కొద్దు."

ఈరయ్య తల గోక్కున్నాడు, అదీ జుట్టున్న పక్కన.

"బావ చెప్పేది నిజమే గదా," అంది కాశమ్మ ఆ సాయంత్రం. "నీ సీనెప్పుడో దేవునికెరుక. హీరో రాడు, పిలుపు రాదు."

"వస్తే?"

"వస్తే ఏంది? అవ్వకంటె ఎక్కువనా?"

ఈరయ్య అరుగు వంక చూశాడు. మైల రోజుల్లో కూడా ఎడమపక్క మొలకలు వస్తూనే ఉన్నాయి. కాశమ్మ వాటిని గొరగలేదు, అతనూ అడగలేదు.

*

పిలుపు రాక రాక దినానికి ముందురోజు సాయంత్రం వచ్చింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే.

దినం వంటకు గిన్నెలు తీసుకుపోవడానికి కాశమ్మ బండి దగ్గరికి వచ్చింది. బండి పక్కనే సంగమేశ్వర్ హోటలు. బస్టాండు దగ్గర ఫోనున్నది అక్కడే. సంగమేశ్వర్ గల్లా మీది నుంచే కేకేశాడు, "కాశమ్మా, మీ సిన్మావోళ్లు!" ఆమె చేయి తుడుచుకుంటూ పోయి రిసీవరు చెవికి పెట్టుకుంది.

"ఈరయ్య లేడా? ఎల్లుండి పొద్దున గడి దగ్గరుండాలి. అదే గెటప్పు. గుర్తుందిగా, అదే గెటప్పు," అసిస్టెంటు గొంతు.

"ఇంట్ల చావయిందయ్యా..."

అవతల ఫోను పెట్టేశారు.

కాశమ్మ రిసీవరు పట్టుకుని అలాగే నిలబడింది. తెల్లారితే దినం. ఇప్పుడు పోయి చెబితే ఈ మనిషి రేపు కత్తి కింద తల పెట్టడు. అన్న కాండ్రించి ఉమ్ముతాడు, కులం నవ్వుతుంది, తల్లి పిండం ముట్టకుండా పోతుంది. చెప్పకపోతే ఇన్నేళ్లకు దొరికిన మాట పోతుంది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కు పోతే నుయ్యి. ఆమెకు ఎవరి మీద కోపం వచ్చిందో ఆమెకే తెలియదు. హీరో మీదా, అసిస్టెంటు మీదా, చెప్పాపెట్టకుండా పోయిన అత్త మీదా, అందరి మీదా వచ్చింది.

ఇంటికి పోయింది. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. చెప్పలేదు.

మరుసటి రోజు బాయి గట్టు మీద యాదయ్య రాయి మీద కత్తి నూరాడు. ముందు నాగయ్య కూర్చున్నాడు. తర్వాత ఈరయ్య. నీళ్లు చల్లి, కుడిపక్క జుట్టును యాదయ్య ఒక్కసారి చేత్తో నిమిరాడు.

"పెట్టమంటవా ఈరన్న?"

"పెట్టు."

కత్తి నుదుటి నుంచి వెనక్కి పోయింది. నూనె జుట్టు గుత్తులు గుత్తులుగా ఒళ్లోని తువ్వాల్లో పడింది. మీసం చివరన పోయింది. కాశమ్మ ఆడవాళ్లతో దూరంగా నిలబడి చూసింది. ఇన్నాళ్లూ ఎప్పుడు పోతుందా అని తిట్టుకున్న జుట్టే కదా! పిండం పెట్టారు, కాకి వెంటనే ముట్టింది. "అవ్వకు ఏ బెంగ లేదు," అన్నారు అందరూ. కాశమ్మ మాత్రం విస్తట్లో అన్నం కలిపి అలాగే వదిలేసి లేచింది.

దీపాలు పెట్టేవేళకు ఇక ఉండబట్టలేక మొగుడి ముందు కూలబడింది.

"నిన్న ఫోనొచ్చింది. రేపు పొద్దున రమ్మన్నరు. నేను నీకు చెప్పలే."

ఈరయ్య కొత్త గుండు మీద చేయి వేసుకుని కూర్చున్నాడు. "నాకెరుకే."

"ఏందీ?"

"పొద్దుగాల పాలకు వోతె సంగమేశ్వర్ చెప్పిండు."

కాశమ్మకు ఒళ్లు మండిపోయింది. "ఎరుకై గూడ కత్తి కింద కూసున్నవా? నేనిక్కడ పొద్దంత చచ్చి బతుకుతున్న! మరెందుకు గొరిగిచ్చుకున్నవ్?"

"వినేది అవ్వ. అవ్వనే లేకపాయె. ఇగ గా సగం ఎవరి కోసం దాచాలె?"

కాశమ్మ వచ్చిన ఏడుపును కొంగుతో ముక్కు చీదినట్టు చేసి తుడుచుకుంది. ఆ వెంటనే మళ్లీ కోపమే వచ్చింది, అదే ఆమెకు అలవాటైన దారి.

"అవ్వ విననీ, వినకపోనీ. ఇన్నొద్దులు నీ నెత్తి గొరిగింది నేను. రేపు మొదటి బస్సుకు నడువు. తిడితే ఇద్దరం తిట్లు తిని వద్దాం."

*

గడి ముందు లారీలు, దీపాలు, తీగలు. అసిస్టెంటు ఈరయ్యను చూడగానే నెత్తి బాదుకున్నాడు.

"ఏమయ్యా, ఏమిటిది? అదే గెటప్పు అని చిలక్కి చెప్పినట్టు చెప్పానా?"

"అమ్మ పోయింది సార్."

"గదే చెప్పబోయిన," కాశమ్మ అందుకుంది. "ఫోన్ల చెప్పనిస్తివా నువ్వు? చావయిందంటే ఠక్కున పెట్టేస్తివి."

అతను తటపటాయించాడు. చేతిలోని కాగితాల వంక చూశాడు. ఇంతలో చెట్టు కింద పెట్టె ముందు కూర్చున్న మేకప్పు మనిషి, పేరు హనోకు, పెద్దాయన, నోట్లోని బీడీ తీయకుండానే పిలిచాడు.

"ఇట్ల రా నాయనా. కూసో."

ఇనుప పెట్టె మూత తీశాడు. అందులో జడలు, గడ్డాలు, మీసాలు, జటలు, కుప్పలు కుప్పలు. చేయి పెట్టి వెతికి సగం జుట్టొకటి బయటికి లాగాడు. ఈరయ్య గుండు మీద కుడిపక్కన జిగురు రాసి దాన్ని అతికించాడు. సగం మీసం ముక్కు కింద ఒత్తాడు. చాయ తాగినంత సేపు కూడా పట్టలేదు.

"గుండైతెనే నయం. నున్నగ అతుకుతది," అన్నాడు.

కాశమ్మ నోరు తెరిచి చూసింది. అద్దంలో అదే దొంగ. ఆమె రోజూ బ్లేడు పట్టుకుని చేసిన దొంగకూ వీడికీ వెంట్రుక తేడా లేదు.

"ఇది..." ఆమె ఆ సగం మీసాన్ని వేలితో తాకి చూసింది. "ఇది ఎప్పటి సంది ఉన్నదయ్యా నీ పెట్టెల?"

"మొదటి సంది ఉన్నదమ్మా."

"మరి ఇన్నొద్దులు మా ఇంటిమనిషిని సగం నెత్తితోని బజార్ల ఎందుకు తిప్పిండ్రు? తల్లి పాడె ఆ నెత్తితోనే మోసిండయ్యా!"

హనోకు బీడీ తీసి కింద పారేశాడు. "నన్నెవరూ అడగలే తల్లీ. చిన్న వేషానికి విగ్గు తియ్యొద్దంటరు. గొరిగితె అయిపాయె గదా అంటరు."

అక్కడే ఒక రాయి తీసి ఆ అసిస్టెంటు నెత్తిన వేద్దామన్నంత కోపం వచ్చింది ఆమెకు. కానీ ఈరయ్యను పిలిచారు. ఆమె తాడు దగ్గర నిలబడింది.

హీరో దొర కొడుకు వేషంలో కుర్చీలో ఉన్నాడు. దొర ఉన్నాడు. కెమెరా చాలా వెనక ఉంది. ఈరయ్య తువ్వాలు భుజాన వేసుకుని, గొంతు సవరించుకున్నాడు. రోజూ అరుగు ముందు నిలబడ్డట్టే నిలబడ్డాడు. కానీ నోరు తెరిచేసరికి ఆ నేర్చుకున్న మాట ఎటుపోయిందో పోయింది.

"దొంగతనం జేసిన. తప్పే. మరి నా గింజలు నీ గాదెలకు ఎట్లొచ్చినయ్, గది గూడ జెప్పు."

లారీ దగ్గర గిన్నెలు కడిగేవాడు కూడా చేయి ఆపాడు. ఇది విని ఉంటే ముసలమ్మ, "ఇది మనింటి మాటరా," అని ఉండేది.

"ఓకే! నెక్స్టు!" అని కేక వినిపించింది.

ఒక్కసారికే అయిపోయింది. కాశమ్మ కోపమంతా ఎగిరిపోయింది. అసిస్టెంటు ఇటు వస్తుంటే ఆమే ఎదురుపోయింది.

"మంచిగ చెప్పిండు గదయ్యా? మా మాటనే బాగున్నది గదా?"

"ఆ యాసా? అబ్బే, అదేం ఫర్వాలేదమ్మా," అన్నాడు అతను కాగితం మీద గీత కొడుతూ. "దూరం నుంచి తీశాం, పెదాలు కనపడవు. మద్రాసులో వేరేవాళ్లు చెబుతారు. మొదటి నుంచీ అంతేగా. మీ ఆయన గొంతు ఉండదు."

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక ఈరయ్య వంక చూసింది. అతను హనోకు ముందు కూర్చుని జుట్టు తీయించుకుంటున్నాడు. అతనికీ వినిపించింది. అంటే అత్త బతికి ఉన్నా, చీకటి టాకీసులో తల వంచి చెవి పెట్టినా, ఆమెకు వినిపించేది ఎవడో మద్రాసువాడి గొంతు. "ఏడీ నా కొడుకు?" అని అడిగితే తను ఏం చెప్పేది?

తిరుగు బస్సు జోగిపేట దాటాక కాశమ్మ మొగుడి గుండు మీద మిగిలిన జిగురును గోటితో గీకి తీసింది. "కదలకు," అంది. అతను కదలలేదు.

*

ఈరయ్య నెత్తి మీద జుట్టు మళ్లీ దువ్వేంత అయింది. రెండు పక్కలా సమంగా. కండక్టర్లకు నవ్వడానికి వేరేవాళ్లు దొరికారు. ఒక పొద్దున కాశమ్మ పిండి కలుపుతుంటే సంగమేశ్వర్ కేక వేశాడు.

"మీ సిన్మావోళ్లు!"

ఈరయ్య మిరపకాయలు చీరుతున్నవాడల్లా లేవబోయాడు. "నువ్వు కూసో," అని కాశమ్మ పిండి చేతులతోనే పోయింది. రిసీవరును మోచేయితో ఎత్తి భుజానికీ చెవికీ మధ్య బిగించుకుంది.

అదే అసిస్టెంటు. ఇంకో సినిమా అట. కాపలావాడి వేషమట. గడ్డం కావాలట, ఇప్పటి నుంచే పెంచమని చెప్పాలట.

"గడ్డం పెట్టెల ఉంటది. హనోకును అడుగు," అంది. "గది గాదు. మాట ఉన్నదా?"

"ఉందమ్మా. రెండు మాటలున్నాయి."

"ఎవరి గొంతుతోని?"

హోటల్లో చాయ తాగుతున్నవాళ్లు తలలెత్తి చూశారు.

"అది... డైరెక్టరుగారిని అడగాలి."

"అడుగు. ఆయన గొంతయితేనే పంపుత. లేదంటె ఆ మద్రాసోన్నే నిలబెట్టుకొని తీస్కోండ్రి. నేను గీడ్నే ఉంట, ఫోన్ జెయ్యి."

ఈసారి తనే ముందు ఫోను పెట్టేసింది. రిసీవరుకు అంటిన పిండిని కొంగుతో తుడిచి, బండి దగ్గరికి వచ్చి నూనెలో మిరపకాయ వేసింది. నూనె చుర్రుమంది.

"ఏమంటున్నరు?" ఈరయ్య అడిగాడు.

"కనుక్కొని చెప్తరట."

అతను మిరపకాయ కింద పెట్టాడు. ఎవరూ అడగకుండానే, మెల్లగా, గొంతు సవరించుకున్నాడు.